దమ్ము పట్టిన తమ్ముడు

నా చిన్నప్పుడు పుంగనూరు పక్కన మా పల్లెలో దమ్ము పట్టడమంటే చెడుగుడు ఆటే. ఊపిరి తీసుకోకుండా కూత పెడుతూ, అవతలివాళ్లను తాకి రావాలి. ఆరేళ్ల మా తమ్ముడు అందులో మొనగాడు. ఆ మొనగాడితనమే వాడి ప్రాణం మీదికి తెచ్చింది.

వాడి మెడలో నిమ్మకాయంత గడ్డ లేస్తే మా నాయన మమ్మల్నిద్దరినీ బండిలో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాడు. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేసి, గ్రంథులకు పట్టే చెడ్డ జబ్బని చెప్పారు. జబ్బు మెడలోనే ఉంటే మద్రాసులో కిరణాల వైద్యం చేయించవచ్చు. రొమ్ములోకి దిగివుంటే ఇంటికి తీసుకుపోవడమే. అది తేల్చాల్సింది ఎక్స్‌రే.

డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. గుండెకు పైన నీడ వెడల్పుగా ఉందట, జబ్బు రొమ్ములోకి దిగినట్టేనట. మా నాయన తలగుడ్డ విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవగా చూడడం నాకదే మొదలు. భయమేసింది, కోపమూ వచ్చింది. ఎక్స్‌రే గది వాకిట్లో నిలబడి అంతా చూసిన నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

“వాడు ఊరికే నిలబడలేదమ్మా. ఎక్స్‌రే ఆయన దమ్ము పట్టమంటే చెడుగుడు ఆడినాడు,” అన్నాను.

నాయన కసిరాడు. డాక్టరమ్మ మాత్రం నా ముందు గొంతుక్కూర్చుని, “ఎట్లాడినాడో నువ్వు చేసి సూపించమ్మా,” అంది. గాలి పీల్చి, వాడిలాగే కూత గొణుగుతూ ఊపిరంతా వదిలేశాను. నా రొమ్ము మీద చెయ్యి పెట్టి అది అణిగిపోవడం చూసింది.

“ఊపిరి వదిలేస్తే నీడ వెడల్పుగానే పడతాది. మళ్లా తీయాల.”

అది యుద్ధకాలం, ఫిల్ములకు కరువు. ఎక్స్‌రే తీసే ఆయన, “ఫిల్ములు ఇంగ మూడే ఉండాయమ్మా,” అని సణిగాడు.

“ఒకటి ఈ బిడ్డకు,” అంటూ ఆమె లేచింది.

ఈసారి తమ్ముడికి నేనే చెప్పాను: “బాయిలో మునిగేటప్పుడు పట్టినట్ల పట్టురా.” వాడు బుగ్గలు పూరించి బిగుసుకు నిలబడ్డాడు.

రెండో ఫిల్ములో నీడ సన్నబడింది. తమ్ముడు మద్రాసు పోయి, బతికి వచ్చాడు.

నేనూ డాక్టరునై, పిల్లల ఫిల్ములు చూస్తూనే ముసలిదాన్నయ్యాను. ఇప్పటికీ ఎవరైనా స్కాను తెచ్చిస్తే ముందు కవరు విప్పను. “ఇది తీసేటప్పుడు ఏం చేసినావప్పా?” అని ఆ బిడ్డను అడుగుతాను. మా తమ్ముడు పక్కనుంటే, బిడ్డ నోరు విప్పేలోపే చెడుగుడు కూత పెడతాడు.