జనరల్ గారి రెండో ప్లేటు

ఈ శుక్రవారం కూరగాయలు పట్టుకుని పైకి వస్తుంటే లిఫ్టులో వెనిగర్, వెల్లుల్లి కలిసి ఉడికిన వాసన వచ్చింది. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా బిల్డింగ్‌లోకి ఫిలిప్పీన్స్ కుటుంబం ఏదో కొత్తగా దిగినట్టుంది. ఆ వాసనకు రమోన్ సార్ గుర్తొచ్చి, నా అంతస్తు దాటిపోయినా చూసుకోలేదు.

లుసైల్‌లో బిల్డింగులు కట్టే సైటులో ఆయన మా సూపర్‌వైజర్. ఫిలిప్పీన్స్ మనిషి. పొట్టిగా ఉండేవాడు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే. పొద్దుటి నుంచి తిట్టిన మనిషే మధ్యాహ్నం ఇదే వాసనొచ్చే డబ్బా విప్పితే రెండు ప్లేట్లు తీసేవాడు. ఒకటి తనకు, ఒకటి ఆ దారిన పోయేవాడికి. ఎవరు కనిపించినా "యల్లా, ఆవో, ఖానా ఖావో" అని పిలిచేవాడు. సూపర్‌వైజర్ పక్కన కూర్చుని తినే ధైర్యం ఎవరికుంటుంది? చాదస్తం అనుకుని మేం నవ్వుకునేవాళ్ళం.

నన్ను ఫోర్‌మన్ చేసిన కొద్దిరోజులకే లేబర్ క్యాంపులో మా జగిత్యాల వాళ్ళు నాతో కలిసి తినడం మానేశారు. నన్ను వెంటబెట్టుకుని ఖతార్ తీసుకొచ్చిన రాజన్న కూడా మానేశాడు. ఎందుకని అడిగితే తల దించుకునే చెప్పాడు.

"తమ్మీ, నువ్విప్పుడు కంపెనీ మనిషివైతివి. నువ్వు పక్కన కూసుంటే మాకు ముద్ద దిగుతలేదు."

మర్నాడు రమోన్ సార్ దగ్గరికి వెళ్ళి ఈ ఫోర్‌మన్ పని నాకొద్దని చెప్పేశాను. ఆయన తిట్టలేదు. రెండో ప్లేటు నా ముందుకు జరిపి, సైటులో నేర్చుకున్న హిందీలో వాళ్ళ ముత్తాత కథ చెప్పాడు. ఆ ముత్తాత జనరల్. మొదట స్పెయిన్ వాళ్ళ మీద, తర్వాత అమెరికా వాళ్ళ మీద కొండల్లో ఉండి పోరాడాడు. తిండి లేక తన మనుషులు రాలిపోతుంటే చూడలేక లొంగిపోయాడు. ఆ అమెరికా వాళ్ళే ఆయన్ను తన ప్రాంతానికి గవర్నర్‌ను చేశారు. రోడ్డు వేయించాడు, బడి కట్టించాడు. కొండల్లో ఒక్క చిలగడదుంపను పంచుకుని తిన్న సైనికులు మాత్రం మళ్ళీ ఆయన గడప తొక్కలేదు. ఆయన బతికినన్నాళ్ళూ భోజనానికి రెండో ప్లేటు పెట్టించి, వీధిలో పోయే ఆ పాతవాళ్ళను పిలుస్తూనే ఉన్నాడట.

లొంగిపోవడం తప్పా, ఒప్పా అని అడిగాను.

"మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు," అన్నాడు.

"మరి, ఎవరైనా వచ్చారా సార్?"

"ఒక్కడూ రాలేదు. నువ్వు మాత్రం మీవాళ్ళను పిలువు. ముందు తిను, చల్లారిపోతోంది."

నేను ఫోర్‌మన్‌గానే ఉండిపోయాను, క్యాంపు నుంచి ఈ గదికి మారాను. రమోన్ సార్ వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ప్రతి శుక్రవారం వండుకుని, రెండో ప్లేటు కూడా పెట్టి, భోజనానికి రమ్మని రాజన్నకు ఫోన్ చేస్తాను. ఈ రోజూ చేశాను.

"తిన్న తమ్మీ," అన్నాడు, ఎప్పటిలాగే.

ఫోన్ పెట్టేశాక ఒక్కణ్ణే తినడానికి కూర్చున్నాను. తినడం అయ్యాక నా ప్లేటుతో పాటు, ఎవరూ తినని ఆ రెండో ప్లేటును కూడా కడిగి బోర్లించాను.