మేక తిందా, నువ్వు వెయ్యలేదా?

పిన్నిగారు పోయారు. కాకినాడ నుంచి ఆవిడ మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. "ఎప్పుడు?" అన్నాను. ఎవరైనా అడిగే మాటే కదా. "సరిగ్గా తెలీదండీ" అన్నాడు. లైనులో గరగరమంటోంది, నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు. తలుపు తీయించి చూసేసరికే పోయి ఉన్నారట. ఎప్పుడు పోయారో ఎవరికీ తెలియదట.

ఇంకెవరి గురించైనా అయితే అయ్యో పాపం అని ఊరుకునేదాన్నేమో. ఈవిడ గురించి ఆ మాట వినేసరికి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అదెందుకో మీకు అర్థం కావాలంటే ఈ ఊరి సంగతి, మా వరసలో ఇళ్ళ సంగతి చెప్పాలి.

ఒమాన్‌లో ఇబ్రి దాటి కొంత దూరం పోతే వచ్చే చిన్న పల్లె ఇది. ఒక పక్క ఖర్జూరపు తోటలు, ఒక పక్క బోడి కొండలు. రోడ్లు వేసే కంపెనీ తన ఉద్యోగుల కోసం ఇక్కడ ఒక వరస ఇళ్ళు అద్దెకు తీసుకుంది. ఎనభైల చివర్లో నేను కొత్త కాపురానికి వచ్చినప్పుడు అన్నిట్లోనూ జనం ఉండేవాళ్ళు. మా ఆయనతో సహా మగవాళ్ళంతా సైట్‌కి పోతే వారం తిరిగితే గానీ ఇల్లు చేరేవాళ్ళు కాదు. మిగిలేది మేం ఆడవాళ్ళమే, అదీ తలుపుల వెనక.

"ఈడ దొంగల భయం అస్సలు లేదమ్మా" అని నన్ను తీసుకొచ్చిన కంపెనీ డ్రైవర్ దారి పొడుగునా చెప్పాడు. నిజామాబాద్ వైపు మనిషి. "బండికి తాళంచెవి అట్లనే ఇడిసిపెడ్తం. దుకాణపోళ్ళు నమాజుకు పోతె గల్లాపెట్టె మీద బట్ట కప్పి పోతరు. ఎవ్వడు ముట్టడు." నేను బెజవాడ దాన్ని. రైల్లో చెప్పులు కూడా తల కింద పెట్టుకుని పడుకున్న మనిషిని. పెట్టెలో ఇత్తడి తాళం తెచ్చుకున్నాను. అతను అటు వెళ్ళగానే తలుపుకి పైగడియ, కింద గడియ రెండూ వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తలుపు దబదబా బాదారు. తీస్తే, నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నారు. నా పేరడగలేదు, ఊరడగలేదు, మొదటి మాటే, "ఏవమ్మా, గుమ్మం ముందు ముగ్గు లేదేం? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉందండీ. నాకు ముగ్గుల మీద పెద్ద నమ్మకం లేదు" అన్నాను, కాస్త పొగరుగానే.

"నీ నమ్మకం ఎవరడిగారు? గీత గియ్యడం వచ్చా, రాదా?"

ఆవిడే పిన్నిగారు. పక్కిల్లు. వాళ్ళాయన కంపెనీలో లెక్కలు చూసేవారు. పిల్లల్లేరు. రోజూ ఎండెక్కకముందే తన గుమ్మం ముందు ముగ్గేసుకుని, ఆ పిండి చేత్తోనే వరస చివరిదాకా నడిచి వచ్చేవారు. ఎవరి గుమ్మం ముందు ముగ్గుంటే ఆ ఇల్లు దాటిపోవడం, లేకపోతే తలుపు కొట్టడం. అంతే పని. మలయాళీ నర్సు ఏవో నాలుగు వంకర గీతలు గీసి పడేసేది, దానికి కూడా సరే అనేవారు. హైదరాబాద్ నుంచి వచ్చిన బీబీని మాత్రం ముగ్గు అడగలేదు. "నువ్వు నీళ్ళు చల్లమ్మా, చాలు. తడి కనిపిస్తే నాకు తెలుస్తుంది" అన్నారట. పిన్నిగారు హాజరు వేసుకోవడానికి వస్తున్నారని మేమంతా వెనక నవ్వుకునేవాళ్ళం.

ఇక్కడ ముగ్గుపిండి ఎక్కడ దొరుకుతుంది? కేరళ వాళ్ళ కొట్లో బియ్యప్పిండి తెచ్చి వేసేవాళ్ళం. అది ఈ ఊరి మేకలకి పండగైపోయింది. మా వరస వెనకే ఉండే ఒమానీ ముసలాయన మేకలవి. తోటకి పోతూ పోతూ ప్రతి గుమ్మం ముందూ ఆగి ముగ్గు చుక్క మిగల్చకుండా నాకేసి పోయేవి. మేం తిడుతుంటే ఆ ముసలాయన పళ్ళు లేని నోటితో నవ్వేవాడు. మేకలు తినేసిన తర్వాత పిన్నిగారు వస్తే గుమ్మం బోడిగా ఉండేది. అందుకని తలుపు కొట్టి, "మేక తిందా, నువ్వు వెయ్యలేదా?" అని అరిచేవారు. లోపల్నుంచి "మేకేనండీ!" అని నేను అరవాలి. ఆ మాట వినేదాకా కదిలేవారు కాదు. నిద్రమత్తులో ఉన్నా, స్నానంలో ఉన్నా, "మేకేనండీ!" అనాల్సిందే. వేసవిలో గాలి లేచి ఇసుక కొట్టిందంటే ఏ గుమ్మం ముందూ ముగ్గు నిలిచేది కాదు. ఆ రోజుల్లో వరసంతా తలుపులు కొట్టుకుంటూ పోయేవారు, ముక్కుకి కొంగు చుట్టుకుని.

నాకు విసుగొచ్చింది. ఎందుకు రాదు? ఒకసారి మా ఆయన సైట్ నుంచి తెల్ల పెయింట్ డబ్బా తెచ్చారు. శుభ్రంగా చుక్కలు పెట్టి, తామరపూలు గీసి, గుమ్మం ముందు సిమెంటు మీద శాశ్వతంగా వేసి పడేశాను. మేక నాకినా పోదు, గాలికీ పోదు. పీడా వదిలింది అనుకున్నాను.

పిన్నిగారు వచ్చారు. వంగి వేలితో గీకి చూశారు. "ఇదేవిటే?"

"పెయింటండీ. ఇంక మీకు రోజూ ఈ శ్రమ ఉండదు."

"ఇది చెరగదు."

"చెరగకూడదనే కదండీ వేసింది."

"చెరగని ముగ్గు నాకేం చెబుతుందే? నువ్వు లోపల ఉన్నావో లేవో నాకెలా తెలియాలి?" అంటూ వెళ్ళి కిరసనాయిల్ సీసా, ఇనప పీచు పట్టుకొచ్చారు. ఆ పనికిరాని కాలు పక్కకి చాపుకుని, నా గుమ్మం ముందు కూచుని రుద్దడం మొదలుపెట్టారు. ఎంత వద్దన్నా వినరే! నా తామరపూలు ఒక్కొక్కటే పోతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా ఇంటి గుమ్మం, నా ఇష్టం అన్నాను కూడా. ఆవిడ తలెత్తలేదు. మొత్తం తుడిచేసి, నా చేతిలో పిండి గిన్నె పెట్టి పోయారు. తర్వాత చాలా రోజులు మా మధ్య మాటల్లేవు. నేను కసిగా, కనిపించీ కనిపించకుండా ఒక్క గీత గీసేదాన్ని. ఆవిడ దాన్ని చూసి ముందుకి పోయేవారు.

ఆ అలకలో ఉండగానే అది జరిగింది. తెల్లారగట్ల మా ఆయన సైట్‌కి వెళ్ళారు. అటు బండి కదిలిందో లేదో ఇటు నాకు వాంతులు పట్టుకున్నాయి. కడుపులో ఏం పడలేదో తెలియదు. కాసేపటికే ఒంట్లో నీరంతా పోయి వంటింటి గచ్చు మీద పడిపోయాను. లేద్దామంటే కాళ్ళు రావు, పిలుద్దామంటే గొంతు రాదు. ఫోన్ అప్పటికింకా మా ఇళ్ళకి రాలేదు. బయట నీళ్ళ ట్యాంకర్ వచ్చిన చప్పుడు వినిపించింది. మిద్దె మీద ట్యాంకులో నీళ్ళు పడుతున్నాయి, ట్యాంకర్ అబ్బాయి కూనిరాగం తీస్తున్నాడు. మర్యాదస్తుల ఊరు. మగవాళ్ళు లేని ఇంటి తలుపు ఎవరూ తట్టరు, కిటికీ వంక కూడా చూడరు. అతను నీళ్ళు నింపి తన దారిన తను వెళ్ళిపోయాడు. నేనిక్కడే పోతానేమో, మా ఆయన వచ్చేదాకా ఎవరికీ తెలియదేమో అనుకున్నాను. అంత భయం నా జన్మలో ఎప్పుడూ ఎరగను.

అప్పుడు వినిపించింది. "మేక తిందా, నువ్వు వెయ్యలేదా?"

నోరు తెరిచాను. మాట రాలేదు.

"ఏవే? మేకా? ఏవే పిల్లా!"

తర్వాత బయట కేకలు, ఆ ఈడ్చే కాలు గబగబా పోయిన చప్పుడు. మేకల ముసలాయన్ని పిలుచుకొచ్చారు. నా రెండు గడియలూ ఆయన భుజం దెబ్బకి ఊడొచ్చాయి. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఇబ్రి ఆసుపత్రిలో చేతికి సెలైన్, పక్కన స్టూలు మీద పిన్నిగారు.

పెయింట్ మాట ఎత్తుతారేమో అని చూశాను. ఎత్తలేదు. చేతులకి బియ్యప్పిండి ఇంకా అలాగే ఉంది. నేనే ఏడుస్తూ అడిగాను, "మీకెందుకండీ మా అందరి మీదా ఇంత ధ్యాస?"

అప్పుడు చెప్పారు. అంతకుముందు వాళ్ళు ఒమాన్‌లోనే బర్కాలో ఉండేవారట, తోటల మధ్య ఒంటరి ఇల్లు. ఒక పొద్దున స్నానాల గదిలో జారి పడ్డారు. కాలు విరిగింది. వాళ్ళాయన సాయంత్రం వచ్చేదాకా ఆ తడి గచ్చు మీదే పడి ఉన్నారు. గోడ అవతల తోట పనివాళ్ళు మాట్లాడుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారట. పిలిస్తే మోటారు చప్పుడులో ఎవరికీ వినపడలేదు. "అందరూ మంచోళ్ళే తల్లీ. ఒక్కడూ లోపలికి తొంగి చూడలేదు" అన్నారు. "అక్కడా ఇంతే, దొంగల భయం లేదు. ఆ రోజు మాత్రం, ఒక్క దొంగ వెధవైనా గోడ దూకి వస్తే బాగుణ్ణు అనిపించింది. ఇల్లంతా దోచుకుపోరా నాయనా, పోతూ పోతూ ఎవరికైనా ఒక్క మాట చెప్పిపో అందును."

చెబుతూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఆ ముసలాయన వచ్చి మా తలుపు బాగుచేసిపోయాడు. కొత్త గడియ బిగించమంటే చెయ్యి ఊపేశాడు. "ఇదర్ హరామీ మాఫీ" అన్నాడు. ఇక్కడ దొంగల్లేరు అని. పిన్నిగారు పక్కనుంచి, "దొంగ రాడు సరే, మనిషైనా రావాలి కదా, అలా వదిలెయ్" అన్నారు. గడియ లేకుండానే ఉన్నాం. ఇప్పటికీ అంతే.

ఆ పైన నేను ముగ్గు మానలేదు. ఆవిడకి కాలు నొప్పెక్కువైన రోజుల్లో వరసలో హాజరు నేనే తీసుకునేదాన్ని. ఇద్దరం ఆవిడ వాకిట్లో కూచుని టీ తాగుతూ, నీ తామరపూలు వంకర, మీ చుక్కలు వంకర అని పోట్లాడుకునేవాళ్ళం. ఆ టీలో ఆవిడ వేసినంత అల్లం ఇంకెవరూ వెయ్యరు. గొంతు మండిపోయేది.

తొంభైల మధ్యలో బాబాయిగారు రిటైరై ఇద్దరూ కాకినాడ వెళ్ళిపోయారు. తర్వాత ఒక్కొక్క కుటుంబమే కదిలింది. కంపెనీ పనులు వేరే చోటికి పోయాయి. ఈ వరసలో ఇప్పుడు మా ఇల్లు ఒక్కటే మిగిలింది, మిగతావాటికి తాళాలు. మా ఆయన ఇప్పటికీ సైట్ల మీదే. కాకినాడలో బాబాయిగారు పోయాక పిన్నిగారు కొత్త అపార్ట్‌మెంట్‌లో చిన్న ఫ్లాట్ తీసుకున్నారు. ఫోన్‌లో ఒకసారి గొప్పగా చెప్పారు, "గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడే. చీడపురుగు కూడా లోపలికి రాదు." ఆ వెంటనే గొంతు తగ్గించి అడిగారు, "ముగ్గేస్తున్నావా?" వేస్తున్నానన్నాను. "ఎవరు చూస్తున్నారే?" అన్నారు. మేకలు చూస్తున్నాయి అన్నాను. పగలబడి నవ్వారు. అదే ఆఖరు, ఆ నవ్వు వినడం.

మేనల్లుడు పెట్టేస్తానంటుంటే ఆపి అడిగాను. "బాబూ, గుమ్మం ముందు ముగ్గు లేదని కూడా ఎవరూ చూడలేదా?"

"ముగ్గుందండీ" అన్నాడు. "అపార్ట్‌మెంట్ కట్టినప్పుడే అందరి గుమ్మాల ముందూ పెయింట్‌తో వేయించేశారు. అత్తయ్య మొదట్లో రోజూ దాని మీదే మళ్ళీ పిండితో వేసేది. చీమలొస్తున్నాయని ఎదురింటివాళ్ళు గొడవ చేస్తే మానేసింది."

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. చెరగని ముగ్గు. ఆవిడ లోపల ఉన్నన్నాళ్ళూ, లేకుండా పోయాక కూడా, బయట తెల్లగా నవ్వుతూనే ఉండి ఉంటుంది. దాన్ని చూసి అందరూ దాటిపోయి ఉంటారు. రుద్ది పారెయ్యడానికి ఆ గుమ్మం ముందు నేను లేకపోయాను.

పిన్నిగారు నాకు చుట్టం కారు. నాకు మైల లేదు. అయినా మర్నాడు పొద్దున ముగ్గు వెయ్యలేదు. ఇంట్లో మనిషి పోతే వెయ్యం కదా. తలుపు దగ్గరగా వేసి, లోపల పీట మీద కూచున్నాను. ఎవరూ రారని తెలుసు. అయినా చెవులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

కాసేపటికి మేకలు వచ్చాయి. గిట్టల చప్పుడు గుమ్మం ముందు ఆగింది. తలుపు సందులోంచి చూశాను. బోడి సిమెంటు మీద మూతులు ఆనించి కాసేపు వాసన చూశాయి. ఒకటి తలెత్తి తలుపు వంక చూసింది.

"నేనే వెయ్యలేదండీ" అన్నాను పైకే.

అది కాసేపు అలాగే నిలబడి, మిగతావాటి వెనకే తోట వైపు వెళ్ళిపోయింది.