మైసయ్య చెప్పిన ధర

ఉప్పుగూడలో మైసయ్య పేరెత్తితే, పని బాగా చేస్తాడని ఒకరంటారు, ధర మస్తు చెప్తాడని పదిమందంటారు. ఆ పదిమంది చేత అనిపించినవాణ్ణి చాలావరకు నేనే. అందుకే ఇది రాస్తున్నాను. పేదవాడి నిజాయితీ మీద కన్నీళ్ళు పెట్టించే వ్యాసాలు మన పత్రికల్లో చాలినన్ని వస్తున్నాయి. ఇది అటువంటిది కాదు.

మైసయ్య పాత మిద్దెలు బాగుచేసే మేస్త్రీ. నలభై ఏళ్ళుంటాయి. సున్నానికి పగిలిన అరచేతులు, పొడి మాటలు. తండ్రి నవాబుల దేవిడీల్లో పనిచేసినవాడు. మైసయ్య చేతికింద ఆరుగురు ఆడకూలీలు, వాళ్ళకు పెద్ద ఆయన భార్య కొమురమ్మ. ఆయన కప్పు మీద సున్నం పరిస్తే, ఆ ఆరుగురూ వరసగా కూర్చుని చెక్క పలకలతో కొడతారు. ఎన్ని ఎక్కువ రోజులు కొడితే కప్పు అంత గట్టిపడుతుంది, నీళ్ళు అంత తక్కువ దిగుతాయి.

యాభై నాలుగు ఎండాకాలంలో మా మిద్దె బాగుచేయించాలనుకున్నాం. అంతకుముందు వానాకాలమంతా నడిమి అర్రలో, కారే చుక్కలకు పెట్టిన గిన్నెల మధ్య పడుకున్నాం. నేను అప్పుడు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. మైసయ్య చూసి రెండు వందల ఎనభై రూపాయలన్నాడు. పత్తర్‌గట్టి వైపు పనులు పట్టే రామ్‌చందర్ అనే గుత్తేదారు నూట అరవై అన్నాడు. ఒకే మిద్దెకు రెండు ధరలుంటే ఇద్దరిలో ఒకడు దొంగ అయి ఉండాలని నా శాస్త్రం. దొంగను పట్టుకోవడానికి మైసయ్యను మళ్ళీ పిలిచాను.

“ఎందుకింత అయితది మైసయ్యా?”

“అయితది సారూ.”

“గట్ల కాదు. ఒక్కొక్కటి చెప్పు, రాసుకుంట.”

నన్ను మిద్దె మీదికి తీసుకెళ్ళి మడమతో తట్టాడు. “విన్నరా, డొల్ల. పాత సున్నం మొత్తం తియ్యాలె. దాని మీదనే పూస్తే పట్టదు. నీళ్ళు పోయే మోరీ దిక్కు రెండు దూలాలు చెద తిన్నయి, మార్చాలె. సున్నం పదిహేను దినాలు నానాలె, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపాలె. మా ఆడోళ్ళు తొమ్మిది దినాలు కొట్టాలె. ఇగ మొదటి వానకు నేనొచ్చి మీ అర్రల కూసుంట. చుక్క పడితే మళ్ళ చేసిస్త, పైస తీసుకోను.”

“తీసుకోనని ఇప్పుడే తీసుకుంటున్నవు గద?”

“మళ్ళ చేస్తే ఆడోళ్ళకు కూలి ఎవరిస్తరు సారూ? గది ముందే కలుపుకుంట.”

పెళ్ళయిన కొత్తలో ఆయన వేసిన ఒక మిద్దె కారిందట. కొమురమ్మ వెండి కడియాలు అమ్మి, కూలి చెల్లించి, మళ్ళీ వేశాడట. ఆ సంగతీ చెప్పాడు. అది మాత్రం నేను రాసుకోలేదు.

తక్కినవన్నీ రాసుకుని, ఆ కాగితం తీసుకెళ్ళి రామ్‌చందర్ చేతిలో పెట్టాను. ఎండలో గంటసేపు నిలబడి ఒకడు చెప్పిన తెలివిని ఉత్తపుణ్యానికి ఇంకొకడికి అప్పజెప్పాను. రామ్‌చందర్ చదివి, ఏదీ దాచలేదు.

“దూలాలు మార్చను సాబ్, కింద పట్టీ కొడ్త. పాత సున్నం తియ్యను, దాని మీదనే పూస్త. కొట్టుడు రెండు దినాలు. నూట అరవైకి గింతే వస్తది. సరేనంటే రేపే మొదలు.”

సరేనన్నాను. తొమ్మిది రోజులకూ రెండు రోజులకూ మధ్య ఉన్నది కూలీల సోమరితనమేనని నా లెక్క.

అక్కడితో ఆగి ఉంటే నా నష్టం నాతో పోయేది. కానీ తెలివి చూపించుకోవాలి కదా. రెండు గల్లీల అవతల ఉండే రైల్వే గుమాస్తా విఠల్‌రావు తన మిద్దె పని అప్పటికే మైసయ్యకు ఇస్తానన్నాడు. ఆయన పెరట్లో మైసయ్య గుంట తవ్వి సున్నం నానబెట్టాడు కూడా. ఆ గుంట పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని విఠల్‌రావుతో అన్నాను: “మైసయ్య లూటీ చేస్తున్నడు. వానకు వచ్చి కూసుంటడట, దానికి గూడ పైసలట. నా దగ్గర కాగితం ఉన్నది.”

ఎం.ఏ. చదివినవాడి కాగితమంటే విఠల్‌రావుకు గురి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన్ను చూసి ఇంకో రెండిళ్ళవాళ్ళు.

కొమురమ్మ మా గుమ్మం దగ్గరికి వచ్చింది. “మా ఆయన్ని ఏమన్నరు సారూ?”

“ఉన్నదే అన్న.”

“ఉన్నదాంట్ల సగం అన్నరు. గీ ఎండకాలం పని లేకుంటే నా ఆడోళ్ళు ఆగరు. కడుపులు గద. వాళ్ళు పోయినంక ఆయన ఏం మేస్త్రీ? ఒక్కడు మిద్దె కొడతడా?”

నేను లోపలికి వెళ్ళిపోయాను. తలుపు మాత్రం మెల్లగా వేశాను, మర్యాదస్థుణ్ణి కనుక.

జూన్‌లో రెండో వానకే నడిమి అర్ర కారింది. రామ్‌చందర్‌ను పిలిపించి కేకలేశాను. ఆయన బీడీ ఆర్పేసి చివరిదాకా విన్నాడు.

“నేనేం దాచిన సాబ్? రెండు దినాలన్న, రెండు దినాలు కొట్టించిన. నూట అరవై మిద్దె గిట్లనే ఉంటది.”

నిజమే. ఇద్దరిలో దొంగ ఎవడూ లేడు. ఒకే కప్పు మీద వాళ్ళు చేస్తామన్నవి రెండు వేరువేరు పనులు. ఆ సంగతి ఇద్దరూ నాకు ఎండాకాలంలోనే విప్పి చెప్పారు.

మైసయ్య కోసం వెళ్తే ఇంటికి తాళం. వాన తెరిపిచ్చింది కనుక విఠల్‌రావు ఇంట్లో పని మొదలైందనీ, అక్కడున్నాడనీ పక్కింటివాళ్ళు చెప్పారు. ప్రాణం కుదుటపడింది. విఠల్‌రావు మనసు మార్చుకుని మళ్ళీ ఆయన్నే పిలిచాడనుకున్నాను.

మిద్దె ఎక్కి చూస్తే కూలీల వరసలో, ఆడవాళ్ళ మధ్య, చెక్క పలక పట్టుకుని కూర్చుని ఉన్నాడు మైసయ్య. ఆ మూల గొడుగు కింద రామ్‌చందర్ నిలబడి పురమాయిస్తున్నాడు.

“మైసయ్యా, మా మిద్దె నువ్వే చెయ్యాలె. ఎంతంటే అంత ఇస్త.”

పలక ఆపలేదు. “నా దగ్గర ఎవరున్నరు సారూ? అందరు బహదూర్‌పురా దిక్కు రోడ్డుపనికి పోయిన్రు. కొమురమ్మ గూడ ఆడనే.”

“మళ్ళ పిలువు.”

“దినాం కూలి దొరికినంక నన్ను నమ్ముకొని ఎందుకొస్తరు? ధర గావాలంటే రామ్‌చందర్ సాబ్‌ని అడుగుండ్రి. నేను ఆయన కూలి.”

“ఇక్కడ ఎన్ని దినాలు కొడ్తున్నరు?”

“రెండు.”

ఎత్తిపొడుపేమైనా ఉంటే నాకు కొంత సులువయ్యేది. లేదు.

కిందికి దిగి విఠల్‌రావుతో ఒక్క మాట చెప్పాలి: పని ఆపించండి, నేను చెప్పింది తప్పు, అని. మెట్లు దిగుతూ ఆ మాట కూడగట్టుకున్నాను కూడా. ఆయన నన్ను చూసి కుర్చీ జరిపాడు, లోపలికి చూసి చాయ్ చెప్పాడు.

“నీ పుణ్యాన నూరు రూపాయలు మిగిలినయి వేణుగోపాల్. అవునూ, మీ మిద్దె ఎట్లున్నది? వానకు ఆగిందా?”

“ఆగింది,” అన్నాను.