తాతకు వెళ్ళవలసిన పుస్తకం నాకు వచ్చింది

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా! నేను ఫిలోమినాని. ఊపిరి నిండుగా పీల్చుకుని మీ ముందు నిలబడి మాట్లాడే రోజు వస్తుందని పోయిన ఏడు ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో ఎవరైనా నాతో అని ఉంటే, పోవయ్యా పో అని పంపేసి ఉండేదాన్ని, ఎందుకంటే అప్పుడు నాకు మన గుడి మెట్లెక్కడమే గగనంగా ఉండేది, ఒక జాకెట్టు కుట్టేసరికి ఆయాసం, మంచం మీద వాలితే ఆయాసం, చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం నా గుండెలో కవాటాన్ని పాడుచేసిందనీ, ఛాతీ తెరిచి ఆపరేషన్ చేస్తేనే బతుకుతాననీ నెల్లూరులో డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. నేను మాత్రం చస్తే చేయించుకోనన్నాను. నవ్వకండి, నిజంగా ఆ మాటే అన్నాను.

మా అక్క రెజీనా కడుపులో గడ్డ తీయించుకోవడానికి ఆపరేషన్ గదిలోకి నవ్వుతూ వెళ్ళి, తెల్లగుడ్డ కింద బయటికి వచ్చింది. ఆనాటి నుంచీ చావు అన్న మాట చెవిన పడితే చాలు, నా ఒళ్ళు చల్లబడిపోయేది. ఆ భయం ఎంతదాకా వచ్చిందంటే, జపమాల చెప్పేటప్పుడు మంగళవార్త జపంలో 'ఇప్పుడును' అన్నదాకా వచ్చి, 'మా మరణ సమయమందును' అన్న మాటను మింగేసేదాన్ని! పక్కన మోకరించిన వాళ్ళకెవరికీ తెలియదు, మరియమాతకు తెలుసు. నా భర్త జోజప్ప, జువ్వలదిన్నె హార్బరుకు ఐసు తోలే మనిషి, బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు, అయినా నేను ఒప్పుకోలేదు, కాళ్ళు వాచిపోయాయి, గుడికి రావడం కూడా ఆగిపోయింది.

ఇక్కడ మన పుస్తకాల గుంపు గురించి చెప్పాలి, పొరుగు విచారణల నుంచి, అంటే పక్క ఊళ్ళ గుళ్ళ నుంచి కూడా ఇవాళ వచ్చారు కాబట్టి. ఆదివారం రెండో పూజ అయ్యాక గుడి వసారాలో కూర్చుంటాం. తలమీద ముసుగు తీయకుండా, మోకాళ్ళ మీదే దివ్యసత్ప్రసాదం తీసుకునే పాతకాలపు మనుషులం, చదివేవీ పాతవే, పునీతుల జీవితాలు, ధ్యానాలు, అమ్మమ్మల నాటి జపాలు. ఒక్కొక్కరూ ఇప్పుడు ఏం చదువుతున్నారో చెప్పి, అందులో ఒక పేజీ వినిపించి, చదవడం ముగిశాక ఆ పుస్తకాన్ని ఇంకొకరికి ఇవ్వాలి, అదీ మా పద్ధతి. అద్భుతాలున్న పేజీలు మాత్రమే చదివేవాళ్ళున్నారు, విశ్వాసం కోసం ప్రాణాలకు తెగించిన వేదసాక్షి ఏమయ్యాడో తెలుసుకోకుండా ఆగలేక చివరి అధ్యాయం ముందే చదివేసేవాళ్ళున్నారు, పేర్లు చెప్పను, ముందు వరుసలోనే కూర్చున్నారు. మా పెద్ద దిక్కు అన్నమ్మ టీచరుగారు, ఉద్యోగం వదిలినా బడి వదలని మనిషి, ఉప్పుగాలికి పుస్తకాలు చెడిపోతాయని అన్నిటికీ ఒకే రకం బ్రౌన్ షీటు అట్టలు వేస్తారు. పేరు తెలియాలంటే లోపల చూసుకోవలసిందే.

నేను మంచాన పడ్డానని టీచరుగారు ఒక పుస్తకం పంపారు, సముద్రాలు దాటి వెళ్ళి దేవుని మాట చెప్పిన ఒక పునీతుని కథ, తుఫానులూ ఓడలూ ఉన్న కథ, చదివితే నాకు హుషారొస్తుందని ఆమె ఆశ. అదే రోజు జువ్వలదిన్నెలో ఉన్న మా పాత ఉపదేశి, ఊరికి జపాలు నేర్పిన అంతోని తాతకు ఇంకొక పుస్తకం పంపారు, మంచి మరణం దయచేయమని చేసే జపాలూ ధ్యానాలూ. తొంభై ఏళ్ళు దాటిన తాత, నేను సిద్ధం, దారి బత్తెం పంపమ్మా అని తానే కబురు పెట్టి అడిగారు. రెండూ జోజప్ప సంచిలోనే వచ్చాయి, రెండిటికీ అవే అట్టలు, పైకి చూసి ఒకటి నాకిచ్చి, రెండోది తాతకిచ్చాడు.

అట్ట తెరిచి చూశాను, సహోదరులారా! చావుకు ఆయత్తపడే పుస్తకం! నా చేతుల్లో! ఎంత కోపం వచ్చిందో ఏం చెప్పను, గోడకేసి కొట్టాను. టీచరుగారికి ఫోన్ చేసి అడిగేస్తానన్నాను. జోజప్ప తల పట్టుకుని, పొరపాటు నాదేనని మొత్తుకున్నాడు, రేపు మార్చుకొస్తానని పనికి వెళ్ళిపోయాడు. నా కోపం చల్లారలేదు. పోట్లాడాలంటే ఆ పుస్తకంలో ఏముందో తెలియాలి గదా, అందుకని, కేవలం అందుకని, తీసి చదివాను.

ఎవరు రాశారో తెలియదు, ముందు పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. నువ్వు భయపడే ఆ గది ఖాళీ గది కాదు, నీ రక్షకుడు నీకన్నా ముందే అందులోకి వెళ్ళి, నీకోసం దీపం పెట్టి ఉన్నాడు అన్న అర్థం వచ్చే మాటలు అక్కడ ఉన్నాయి. అంతే! మండుటెండ, మధ్యాహ్నం, వీధిలో చేపల బుట్ట దించి ఎవరో బేరమాడుతున్నారు, ఆ అరుపులన్నీ వినబడుతూనే ఉన్నాయి, కానీ నా గదిలో ఒక నెమ్మది దిగింది, ఎవరో వచ్చి మంచం పక్కన కూర్చున్నట్టే ఉంది, నేను ఒంటరిదాన్ని కానని నాకు తెలిసిపోయింది. మా అక్క కూడా ఆ రోజు ఒంటరిగా లేదని మొట్టమొదటిసారి తోచింది. ఏడుస్తూ చెయ్యి ఎద మీద పెట్టుకుని అడిగాను:

"యేసయ్యా, నువ్వు ముందే పోయి ఉండావంటే నేను వస్తాను. ఈ పక్కనైనా సరే, ఆ పక్కనైనా సరే. నా చెయ్యి మాత్రం వదలొద్దయ్యా."

ఆ తరువాత మంగళవార్త జపం మొదలుపెట్టి, ఒక్క మాట మింగకుండా చివరిదాకా చెప్పాను. జోజప్ప ఇంటికి రాగానే నెల్లూరు పోదాం పద అన్నాను. పాపం, అతను నాకు మతి చలించిందనుకున్నాడు.

మర్నాడు టీచరుగారు కన్నీళ్ళతో ఆటోలో వచ్చారు, పుస్తకం మార్చుకుపోదామని. నేనివ్వనన్నాను. సరే, తాతకైనా ఏదో ఒకటి చెప్పుకుందామని జువ్వలదిన్నె వెళ్ళారు, అక్కడ తాత కూడా తన చేతిలోది ఇవ్వనన్నారు! ఓడ తుఫానులో ఉందట, పునీతుడు చుక్కాని పట్టుకున్నాడట. కళ్ళద్దాలు పైకి జరిపి టీచరుగారితో ఇలా అన్నారట:

"ఇది అయిపోయేదాకా నేను యాడికీ రానని దేవుడికి చెప్పేసినాను మా."

ఆపరేషన్ రోజున మన గుడి గురువుగారు వచ్చి, పవిత్ర తైలం రాసి అభ్యంగనం ఇచ్చారు. భయం మొత్తం పోయిందని చెబితే అబద్ధమవుతుంది, కానీ చక్రాల మంచం ఆ తలుపు దాటుతుంటే, ఇక్కడికి ప్రభువు నాకన్నా ముందే వచ్చాడు అన్న ఒక్క మాటే నా నోట ఉంది. కళ్ళు తెరిచేసరికి జోజప్ప జపమాల పట్టుకుని ఏడుస్తున్నాడు. దేవునికే మహిమ! కుట్టు మిషను మళ్ళీ తొక్కుతున్నాను, మెట్లెక్కుతున్నాను, ఆడబిడ్డతో పోట్లాడేంత ఊపిరి కూడా ప్రభువు ఇచ్చాడు.

తాత ఆ ఓడల పుస్తకం ముగించి ఇంకొకటి అడిగారు, అదీ ముగించి మరొకటి. ఈ ఏడు తపస్సు కాలం వచ్చాక మాత్రం కబురు చేశారు, ఇక చాలు, ఆ మంచి మరణం జపాల పుస్తకం తెచ్చి ఫిలోమినానే చదవమనండి అని. ఒకప్పుడు చావు ఇంటి వీధిలో నడవని నేను, ఆయన మంచం పక్కన కూర్చుని, ఆ చెయ్యి నా చేతిలో పెట్టుకుని చదివాను. సాయంత్రం వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది. తాత పెదవులు నాతో పాటు కదులుతున్నాయి, కదులుతూ కదులుతూ ఒక చోట ఆగిపోయాయి. ఎంత ప్రశాంతంగా ఉందంటే ఆ ముఖం, చూసి నేను లేచి మోకరించాను. భయం కోసం లోపలంతా వెతుక్కున్నాను సహోదరులారా, దొరకలేదు! స్తోత్రం తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడేం చదువుతున్నావని ప్రతి ఆదివారం నన్ను అడుగుతారు. ఆ పుస్తకమే. రేపు ఆపరేషన్ ఉన్నవాళ్ళున్నారేమో, డాక్టరు మాట విని ఇంట్లో చెప్పుకోలేని వాళ్ళున్నారేమో, ప్రభువును నమ్మండి, ఆయన మీకన్నా ముందున్నాడు. మీ ఇంటికి రమ్మంటే నేను వస్తాను, పక్కన కూర్చుని చదువుతాను.