రామాయమ్మ తాళాల గుత్తి

దుర్గాలక్ష్మికి ఫిట్స్ రావడం వీధిలో అందరూ చూశారు, ఆమె తప్ప. చూసింది చూసినట్టు డాక్టరుకు చెప్పే మనిషి తల్లి ఒక్కతే. ఆవిడ పోయి రెండేళ్లయింది.

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో దిమ్మలు సర్దే పని దుర్గాలక్ష్మిది. అక్కడ ఒకసారి పడిపోయాక ఆమె పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు లేరు. నురగ తగిలితే జబ్బు అంటుకుంటుందట! ఆ మాట పుట్టించిన మహానుభావుడెవరో గానీ, అతనికో దండం.

కొత్త డాక్టరమ్మ పాత చీటీలన్నీ చూసింది.

"ఈ మాత్రతో ఆగడం లేదు, మార్చాలి. ఏది ఇవ్వాలో తేలాలంటే ఫిట్స్ ఎలా మొదలవుతాయో తెలియాలి. ఒక పక్క నుంచా, ఒక్కసారే ఒళ్లంతానా? ఒకరికి పనిచేసే మందు ఇంకొకరికి జబ్బు ఎక్కువ చేయొచ్చు. చూసినవాళ్లను తీసుకురండి."

"వచ్చి సెప్పేవోళ్లు లేరమ్మా. నానొక్కదాన్నే" అంది దుర్గాలక్ష్మి. పైకి అనేశాక ఏడుపొచ్చింది.

అప్పటిదాకా పాత మాత్ర ఆపొద్దంది డాక్టరమ్మ.

మంగళవారం పొద్దున్న ముగ్గు వేస్తూ పడిపోయింది. తెలివొచ్చేసరికి చుట్టూ ఎవరూ లేరు. నాలుక తెగి మంటగా ఉంది. కుడి గుప్పిట్లో మాత్రం ఇనప తాళాల గుత్తి ఉంది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలంటారు కదా, ఎవరో పెట్టి పోయారు. అంటే ఎవరో చూశారు!

ఎదురింటి రామాయమ్మ, తాళం వేసిన తన తలుపు ముందు, కూరల సంచితో కూర్చుని ఉంది. తల్లి పోయాక ఈ గడప తొక్కని మనిషి.

"ఇవి నీయేనా పిన్నీ?"

"నాయే. నువ్వు బిగించి పట్టేసేవు. లాక్కోడానికి బయమేసి ఇక్కడ కూకున్నాను."

"ఏటి సూసేవు?"

"ముందు ఎడం సెయ్యి కొట్టుకుంది. మెడ అటే తిరిగిపోయింది. తరవాతే ఒళ్లంతా. ఎప్పుడూ అంతే కదే."

ఎప్పుడూ! ఇన్నాళ్లూ కిటికీలోంచి చూస్తూనే ఉందన్నమాట. దుర్గాలక్ష్మికి ఒళ్లు మండింది. అయినా బతిమాలింది.

"డాక్టరమ్మకి సెప్పాలి, వత్తావా?"

రామాయమ్మ వచ్చింది, చెప్పింది. డాక్టరమ్మ వేరే మాత్ర రాసింది. "తాళాలొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఈ మందుతో ఒంటి మీద దద్దుర్లొచ్చినా, తూలినా వెంటనే రావాలి. ఎవరు కనిపెట్టి చూస్తారు?"

"నాను సూత్తాను. ఎదురిల్లే కదా" అంది రామాయమ్మ.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాత్రం ఇద్దరి మధ్యా తన సంచి పెట్టుకుంది. అది జారిపోకుండా దుర్గాలక్ష్మి దారంతా చేత్తో పట్టుకునే ఉంది.