కార్పెట్ కింద ఊరు

ఆ రోజుల్లో నాకు తెలియని పని లోకంలో లేదనుకునేవాణ్ణి. వరి మడుల్లో పెరిగినవాడికి ఖతర్‌లో గడ్డి పెంచడం ఓ లెక్కా? (ఇప్పుడు తలచుకుంటే ఆ ధీమాకు నాకే ముచ్చటేస్తుంది.) తోటపని కంపెనీలో చేరి, ఐన్ ఖాలిద్‌లో ఒక పెద్ద విల్లాలో డ్యూటీ చేసేవాణ్ణి. తోడు మా బావ, అంటే మేనత్త కొడుకు. ఊళ్ళో నాకు కూతురు పుట్టింది, ఇంకా చూడలేదు. చలికాలం పోగానే లీవ్ ఇస్తామన్నారు.

ఆ ఇంటి యజమానిని అర్బాబు అనేవాళ్ళం. చలికాలమంతా ఆయన లాన్ మీద గుడారం వేయించి, మందపాటి కార్పెట్లు పరిపించి, సాయంత్రాలు అతిథులతో కూర్చునేవాడు. ఎండలు మొదలవగానే గుడారం విప్పి, కార్పెట్ చుట్టబోతూ మధ్యలో ఆగిపోయాం. కింద గడ్డి కాస్త పాలిపోవడం మామూలే. కానీ ఇదేమిటి! చిట్టెలుకలు గడ్డిని వేళ్ళదాకా కొరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి దారులు వేశాయి. పెద్ద దారి, దానికి సందులు, సందు చివర గుండ్రటి గూడు, గూట్లో కార్పెట్ నుంచి పీకిన ఎర్ర ఉన్నితో పరుపు, పక్కనే ఖర్జూరం గింజల కొట్టు. ఆ గూళ్ళలో కాపురమున్నవాళ్ళు మమ్మల్ని చూసి గోడవారకు పరుగెత్తారు. మేం మాత్రం నోళ్ళు తెరిచి అలాగే నిలబడ్డాం.

"ఓర్నీ! ఇంజినీర్ లేడు, మేస్త్రీ లేడు, గింత ఊరు ఎట్ల కట్టినయిరా?" అన్నాడు బావ. తర్వాత నా మొహం చూసి, "నీ లీవ్ గూడ కొరికినయి పో" అన్నాడు.

అన్నంతా అయింది. ఫోర్‌మన్ వచ్చి, "పహలే ఘాస్, ఫిర్ ఛుట్టీ" అని తేల్చేశాడు. గడ్డి పచ్చబడేదాకా ఇంటి మాట ఎత్తొద్దని.

ఇక మా వరి తెలివంతా బయటికి తీశాం. దారులు పూడ్చి, నారు నాటినట్టు గడ్డి పిలకలు వరసగా నాటాం. పూడ్చిన చోటల్లా బావ గంపలకొద్దీ ఎరువు గుమ్మరించాడు. "జర తక్కువ వెయ్యి బావా" అంటే, "నీ బిడ్డను జల్ది చూస్తవా, ఎరువు దాస్తవా?" అని నా నోరు మూయించాడు.

గడ్డి వచ్చింది. ఎలా వచ్చిందంటే, మిగతా లాన్ లేతాకుపచ్చ, ఎలుకల దారులు మాత్రం చిక్కటి ముదురాకుపచ్చ! పూడ్చేశామనుకున్న ఊరు సందుగొందులతో సహా మళ్ళీ పైకొచ్చేసింది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. అందం సంగతి అలా ఉంచి, నా లీవ్ గోవిందా అనుకున్నాను.

అర్బాబు డాబా మీద నుంచి చూసి దిగొచ్చాడు. ఆ దారుల వెంబడే ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. చివరికి, "మాషాఅల్లా! ఈ డిజైన్ ఎవరిది?" అని అడిగాడు. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కూడదీసుకుని, "మేం కాదు సార్, ఫార్" అన్నాను. ఫార్ అంటే ఎలుక. (ఎందుకైనా మంచిదని మూతి దగ్గర వేళ్ళు పెట్టి మీసాలు కూడా చూపించాను.) ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. అదే అదనని బావ నా లీవ్ సంగతి చెప్పేశాడు. తన తమ్ముళ్ళకు చూపించేదాకా గడ్డి కొయ్యొద్దని చెప్పి, ఫోర్‌మన్ వైపు తిరిగి, "వీణ్ణి ఇంటికి పంపు, యల్లా, తొందరగా!" అన్నాడు.

నేను ఎత్తుకోగానే కెవ్వుమన్న ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. మా ఊళ్ళో ఖతరైనా దుబాయే. మొన్న వీడియో కాల్‌లో, "డాడీ, దుబాయ్‌ల పెద్ద పెద్ద బిల్డింగులు కడ్తరట గదా, నువ్వేం కట్టినవ్?" అని అడిగింది. నేనప్పుడు ఖతర్‌లోనే, వెస్ట్ బేలో ఒక టవర్ ముందు లాన్‌కు నీళ్ళు పెడుతున్నాను. "నేనేం కట్టలే బిడ్డా. ఎలుకలు ఊరు కట్టినయ్, నేను నీళ్ళు పోసిన" అని మీసాలు చూపించాను. అదీ వేళ్ళు మూతి దగ్గర పెట్టుకుని మీసాలు ఆడించింది. అర్బాబు ముందు లీవ్ పోయిందనుకుంటూ మీసాలు చూపించిన అప్పటి కుర్రాడికి, అంటే నాకే, ఈ ఒక్క కాల్ చూపించగలిగితే ఎంత బాగుండు అనుకుని నవ్వుకున్నాను.