కుడి చెయ్యి ఎత్తనివ్వని టీచరమ్మ

మెట్టుగూడలో మాకు పియానో నేర్పిన టీచరమ్మకు, ఎవరో కుర్ర స్వరకర్త నూనూగు మీసాల వయసులో రాసిన వాల్ట్జ్‌లంటే, అంటే మూడు దెబ్బల తాళంతో సాగే పాశ్చాత్య నాట్య బాణీలంటే, ప్రాణం. మాతో మాత్రం నెలల తరబడి ఎడమ చేతి తాళమే వాయింపించేవారు. రాగం కోసం కుడి చెయ్యి ఎత్తితే చాలు, వేళ్ల మీద తట్టేవారు.

"జెర ఆగు బిడ్డా. తాళం సరిగ్గ నడిస్తే రాగం దానంతట అదే వస్తది."

నాకు ఒళ్లు మండేది.

మొన్న పక్షవాతంతో ఆవిడ కుడి చెయ్యి పడిపోయిందని తెలిసి వెళ్లాను. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో పాత వాల్ట్జ్ తాళం మొదలుపెట్టారు. బరువుగా ఒకటి, తేలిగ్గా రెండు, మూడు. కాసేపటికి వంటింట్లోంచి, పియానో ఎన్నడూ ముట్టని ఆవిడ కోడలు ఆ వాల్ట్జ్ రాగాన్నే సన్నగా పాడుతూ అందుకుంది.

టీచరమ్మ తాళం ఆపకుండానే నా వైపు చూసి నవ్వారు. "వచ్చిందా?"